బోటులో పెట్టె ఉంటే చాలదు, దానికి సరైన వైరు కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా జూన్ 14 అర్ధరాత్రితో వేట నిషేధం ముగుస్తుంది. తెల్లారేసరికి కాకినాడ కుంభాభిషేకం రేవు నుంచి బోట్లు బారులు తీరతాయి. పసుపు కుంకాలు, కొబ్బరికాయలు, మర్నాడు మీ పత్రికలో రంగుల ఫొటో. ఫొటో బాగుంటుంది, కాదనను. కానీ అది వచ్చిన కొద్ది రోజులకే జిల్లా పేజీలో ఏదో ఒక మూల చిన్న వార్త కూడా వస్తుంది. ఫలానా బోటు ఇంజన్ చెడి నడిసముద్రంలో నిలిచిపోయింది, ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది, అందరూ క్షేమం. అంతే, నాలుగు లైన్లు. ఏం చెడింది, ఎందుకు చెడింది, 61 రోజులు రేవులో కట్టేసి ఉన్న బోటుని అప్పుడే ఎందుకు చూసుకోలేదు అని అడిగినవాళ్లు నాకు కనపడలేదు. ఆ నాలుగు లైన్ల వెనక సంగతి రాద్దామని ఈ ఉత్తరం.

నేను జగన్నాథపురంలో బోటు మెకానిక్‌ని. డీజిల్ ఇంజన్ల పని నేర్చుకుని ఈ లైన్లోకి వచ్చాను. తర్వాత వైరింగ్ కూడా నేర్చుకోక తప్పలేదు. ఎందుకంటే ఇప్పుడు బోటు నడిపే సరంగు క్యాబిన్‌లోకి వెళ్తే చుక్కాని చక్రం కన్నా ముందు తెరలే కనిపిస్తాయి. జీపీఎస్, చేపల గుంపునీ లోతునీ చూపించే ఎకో సౌండర్, పక్క బోట్లతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్, ఇన్వర్టర్, దానికి వేలాడే ఫోన్ చార్జర్లు. ఇప్పుడు వీటికి తోడు ట్రాన్స్‌పాండర్.

ట్రాన్స్‌పాండర్ సంగతి మీ పాఠకులకి తెలిసే ఉంటుంది. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ఆ పథకం ప్రారంభించారు. 364 కోట్ల ఖర్చుతో, దేశంలో లక్ష బోట్లకి, మత్స్యకారుడి చేతి డబ్బు పడకుండా. ఇస్రో టెక్నాలజీ. సెల్ టవర్ అందని చోటు నుంచి కూడా ఉపగ్రహం ద్వారా ఒడ్డుకి మెసేజ్ పంపొచ్చు, ఒడ్డు నుంచి తుపాను హెచ్చరిక అందుకోవచ్చు. నభ్‌మిత్ర అనే యాప్‌తో ఫోన్‌కి కలుపుకోవచ్చు. తుపాన్ల రోజుల్లో బోటు ఎక్కడుందో తెలీక రేవులో కూర్చుని ఏడ్చిన ఆడవాళ్లని చూసినవాణ్ణి, ఇలాంటి పెట్టె వద్దని ఎందుకంటాను? నా గొడవల్లా ఒక్కటే. పెట్టె ఇచ్చేవాళ్లున్నారు, బిగించేవాళ్లున్నారు, ఫొటో తీసేవాళ్లున్నారు. ఆ బోటులో బ్యాటరీ ఎలా ఉంది, వైర్లు ఎలా ఉన్నాయి, యాంటెన్నా జాయింట్లో నీళ్లు దూరాయా అని చూసే మనిషి మాత్రం ఎవరి లెక్కలోనూ లేడు.

ఇదేదో గాలి మాట అనుకోకండి. ఒక బోటు సంగతి చెప్తాను. భైరవపాలెం దాటాక గోదావరి మొగ దగ్గర వాళ్ల ఇంజన్ ఆగిపోయింది. లంగరేసి, సెట్ తీసి పక్క బోట్లని పిలిచారు. ఎవరూ పలకలేదు. విచిత్రం ఏంటంటే, మిగతా బోట్లవాళ్లు ఏ చేప ఎక్కడ పడుతోందో, ఐసు ఎంత మిగిలిందో చెప్పుకునే కబుర్లన్నీ వీళ్లకి శుభ్రంగా వినపడుతున్నాయి. వీళ్ల మాటే ఎవరికీ చేరదు. చివరికి అటుగా పోయే బోటుకి లుంగీ ఊపి ఆపుకున్నారు. రేవుకి చేరాక సరంగు నా దగ్గరికి వచ్చి, "సెట్ బాగానే ఉంది మేస్త్రీ, అన్నీ వినపడతన్నాయి. మనం మాట్లాడదామంటేనే చచ్చిపోతంది" అన్నాడు. అప్పటికే ఎవరో సెట్ పోయింది, కొత్తది కొనుక్కోమని సలహా కూడా ఇచ్చేశారు.

సెట్ పోలేదు. వినేటప్పుడు వీహెచ్‌ఎఫ్ సెట్ లాగే కరెంటు చాలా తక్కువ, అర ఆంపియర్ లోపే. మైకు బటన్ నొక్కి మాట్లాడితే 25 వాట్లతో మాట బయటికి పంపాలి కాబట్టి ఒక్కసారిగా ఐదారు ఆంపియర్లు లాగుతుంది. వైరు సరిగ్గా లేకపోతే ఆ క్షణంలోనే బండారం బయటపడుతుంది. బ్యాటరీ మీద మీటరు పెట్టాను, 12.6 వోల్టులు. సెట్ వెనక పెట్టాను, దాదాపు అంతే. చాలామంది ఇక్కడే "కరెంటు బాగానే వస్తోంది, సెట్‌లోనే తేడా" అనేస్తారు. మీటరు తియ్యకుండా, సరంగుని బటన్ నొక్కి పట్టుకోమన్నాను. అంకె 9కి జారింది, సెట్ ఆరిపోయింది. బటన్ వదిలితే మళ్లీ 12 దాటింది. అంటే బ్యాటరీకీ సెట్‌కీ మధ్య దారిలో ఎక్కడో మూడు వోల్టులు మాయమవుతున్నాయి.

ఎక్కడో తెలుసుకోవడానికి వైరంతా పీకక్కర్లేదు. మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్ మీద, రెండో కొస సెట్‌కి వచ్చే ప్లస్ మీద పెట్టి బటన్ నొక్కితే, ఆ వైపు ఎంత పోతోందో అంకె నేరుగా చెప్పేస్తుంది. ప్లస్ వైపు ఏమీ లేదు. మైనస్ వైపు పెడితే మొత్తం అక్కడే. మన బోట్లలో ఎప్పుడూ ఇంతే, ప్లస్ వైరుకి ఉన్న మర్యాద మైనస్‌కి ఉండదు. ఆ వైరు పట్టుకుని వెళ్తే క్యాబిన్ చెక్క వెనకాల రెండు కొసలు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్ దొరికింది. టేపు విప్పితే లోపల పచ్చటి పొడి. రాగి పోగుల్లో నిలిచినవి రెండో మూడో. వినడానికి ఆ రెండు పోగులు సరిపోయాయి. మాట్లాడటానికి సరిపోలేదు. మూరెడు కొత్త వైరు, వైరు కొసలకి బిగించే రెండు లగ్గులు, వేడిచేస్తే ముడుచుకుపోయే గొట్టం ముక్క. ఆ రిపేరుకి అయిన సామాను అంతే.

సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, రాగిని తినేస్తుంది. టేపు ఆ తేమని ఆపదు సరికదా లోపల దాచిపెడుతుంది. పైగా మనవాళ్లు వాడేది ఇళ్లలో గోడల్లో వేసే వైరే. పోగుల మధ్య నుంచి తేమ లోపలికి పాకి, జాయింట్‌కి జానెడు దూరం దాకా రాగి నల్లబడిపోతుంది. అక్కడ కొత్త లగ్గు వేసినా పట్టదు, మెరిసే రాగి తగిలేదాకా కోసుకుంటూ పోవాలి. బోట్లకి తగరం పూత ఉన్న వైరు వాడాలి. ధర ఎక్కువే. కానీ ఒక్కసారి వేటకి కొట్టించే డీజిల్ బిల్లు పక్కన పెట్టి చూస్తే అది ఏ మూలకి?

యాంటెన్నాదీ ఇదే కథ. కేబుల్‌ని యాంటెన్నాకి బిగించే చోట నీళ్లు దిగితే లోపలి జల్లెడ వైరు నల్లబడిపోతుంది, సెట్ ఎంత మంచిదైనా మాట రేవు దాటదు. రేవులో పక్క బోటుతో మాట్లాడి "సెట్ ఓకే" అనుకుంటారు. పక్క బోటుకి వినపడటానికి యాంటెన్నా ఎందుకు? టెస్టు చెయ్యాలంటే దూరంగా ఉన్న బోటుతో చెయ్యాలి. ఆపద వచ్చినప్పుడు 16వ ఛానల్లో పిలవాలని అందరికీ తెలుసు, కోస్ట్ గార్డ్ నంబరు 1554 అని క్యాబిన్ గోడ మీద రాసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ పిలుపు బయటికి వెళ్తుందో లేదో నిషేధం రోజుల్లో ఒక్కసారి చూసుకున్నవాళ్లు మాత్రం అరుదు.

ఇక బ్యాటరీ. చాలా బోట్లలో ఇంజన్ స్టార్ట్ చేసేదీ, లైట్లూ సెట్లూ నడిపేదీ ఒకటే బ్యాటరీ. సెల్ఫ్ కొట్టగానే వోల్టేజి పడిపోయి జీపీఎస్ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి వెలుగుతుంది. అది చూసి జీపీఎస్‌ని నా దగ్గరికి మోసుకొస్తారు. దాంట్లో ఏ రోగమూ లేదు. అసలు భయం రాత్రిపూట. ఇంజన్ ఆపి, వల వేసి, లైట్లు వెలిగించి, నలుగురూ ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని పడుకుంటే, తెల్లారి సెల్ఫ్ "టక్" మని ఊరుకుంటుంది. బోటు ఇంజన్‌ని ఆటోలాగా తోసి స్టార్ట్ చెయ్యలేం కదా. స్టార్టింగ్‌కి ఒకటి, మిగతా సామానుకి ఒకటి, రెండు బ్యాటరీలు విడివిడిగా పెట్టి మధ్యలో మార్పిడి స్విచ్ పెట్టమని నేను చెప్పని ఓనర్ లేడు. విన్నవాళ్లు కొందరు.

ఫ్యూజు గురించి రాయాలంటేనే చిరాకు. ఫ్యూజు పోతే దాని చోట రాగి పోగు చుట్టేస్తారు. "ఇప్పుడు ఎప్పటికీ పోదు మేస్త్రీ" అని నవ్వుతారు కూడా. నిజమే, అది పోదు, ఈసారి వైరే అంటుకుంటుంది. 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుని నలభైదాకా బోట్లు ఎలా తగలబడ్డాయో రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. ఆ మంట కారణం వేరే విషయం, దాని జోలికి నేను పోను. కానీ డీజిల్ ట్యాంకు, గ్యాస్ సిలిండర్, వలలు, తాళ్లు అన్నీ ఒక్క చోట ఉన్న బోటులో నిప్పురవ్వ పడితే ఎంత టైముంటుందో ఆ రాత్రి తర్వాత ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇంజన్ దగ్గరికి వస్తాను. రేవులో గంటసేపు తిప్పినా ఏమీ కాని ఇంజన్, సముద్రం కాస్త లేచేసరికే ఎందుకు ఆగుతుంది? దిష్టి తగిలిందంటారు, పూజ లోపమంటారు. ఎక్కువసార్లు కారణం ట్యాంకు అడుగున ఉంటుంది. డ్రమ్ముల్లో పోసిన డీజిల్‌తో కొంచెం నీళ్లు దిగుతాయి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి గోడలకి తేమ పట్టి అదీ అడుక్కి చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి బంక తయారవుతుంది. నిషేధం రెండు నెలలూ ట్యాంకు కదలకుండా ఉంటే ఇదంతా అడుగున నిమ్మళంగా పేరుకుంటుంది. రేవులో బోటు ఊగదు, బంక లేవదు, ఇంజన్‌కి పైనున్న మంచి డీజిలే అందుతుంది. బయట కెరటాల్లో బోటు పడి లేస్తుంటే అడుగుదంతా కలిసి ఫిల్టర్ మూసుకుపోతుంది. అంటే గాలీ కెరటాలూ రేగిన రోజే, ఇంజన్ అత్యవసరమైన గంటలోనే ఆగుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు.

దీనికి మందు చవకే. నిషేధం మొదలయ్యే ముందు ట్యాంకు నిండుగా పెట్టి ఆపడం, లేదా పూర్తిగా దించేసి కడిగించడం. నీళ్లు వేరుచేసే ఫిల్టర్ గిన్నె అడుగున ఉన్న స్క్రూ విప్పి రోజూ కొంచెం సీసాలోకి పట్టి చూడటం. కింద నీళ్లు విడిగా నిలబడితే అక్కడే తెలిసిపోతుంది. రెండు ఫిల్టర్లు బోటులో ఎక్స్‌ట్రా ఉంచుకోవడం. ఫిల్టర్ మార్చాక గాలి తీయడం ఒక్క మెకానిక్‌కే తెలియాల్సిన విద్య కాదు. ఫిల్టర్ పైన ఉండే గాలి స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతుంటే ముందు బుడగలు వస్తాయి, తర్వాత బుడగల్లేని డీజిల్ వస్తుంది, అప్పుడు బిగించాలి. అప్పటికీ అందుకోకపోతే ఇంజెక్టర్ పైపుల నట్లు ఒక్కొక్కటీ కాస్త వదులు చేసి సెల్ఫ్ కొట్టాలి. ఈ పని చేతనైన కళాసి ఒక్కడుంటే తాడు కట్టి లాక్కొచ్చిన వార్తల్లో సగం మీ పేపర్లో పడవు.

ఇంజన్ వేడెక్కడానికి మా కాకినాడలో ప్రత్యేక కారణం ఒకటుంది. మన ఉప్పుటేరు. పాటు టైములో నీళ్లు తగ్గినప్పుడు బయల్దేరిన బోటు ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లతోపాటు బురదా, ప్లాస్టిక్ కవర్లూ కూడా లాక్కుంటుంది. ఆ నీళ్లు వడకట్టే జల్లెడ మూసుకుపోతుంది. నీటి పంపు లోపల ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. దాన్ని చల్లగా, జారుడుగా ఉంచేది ఆ నీళ్లే. నీళ్లు రాకపోతే నిమిషాల్లో దాని రెక్కలు మాడి తునిగిపోతాయి. జల్లెడ శుభ్రం చేసి, "సరైపోయింది" అని ముందుకెళ్తారు. కానీ తెగిన రబ్బరు ముక్కలు కూలర్ గొట్టాల్లో ఇరుక్కుని ఉంటాయి. కొత్త ఇంపెల్లర్ వేసినా వేడి తగ్గదు, ఇక హెడ్ మీద అనుమానం, వేలకి వేలు ఖర్చు. ఇంపెల్లర్ విప్పినప్పుడు రెక్కలు లెక్కపెట్టాలి. ఒకటి తక్కువైతే ఆ ఒకటి దొరికేదాకా వెతకాలి. బోటు పక్క నుంచి బయటికి పడే ఆ నీళ్లని గంటకోసారి చూసే అలవాటు పాత సరంగులకి ఉండేది. ఇప్పుడు మీటరుంది కదా అని చూడరు, ఆ మీటరు వైరు ఎప్పుడో తెగిపోయి ముల్లు సున్నా మీద నిద్రపోతుంటుంది.

పొగ రంగు, ఆయిల్ రంగు మీద చాలా రాయొచ్చు గానీ రెండు ముక్కల్లో ముగిస్తాను. నల్ల పొగ వస్తే ఇంజన్‌ని తిట్టే ముందు నీళ్లలో తిరిగే ఫ్యానుకి (ప్రొపెల్లర్‌కి) వల చుట్టుకుందేమో చూడండి. ఆయిల్ పుల్ల తీస్తే మజ్జిగ రంగు కనపడితే ఇంజన్ ఆపేసి ఇంకోసారి స్టార్ట్ చెయ్యకండి, లోపల నీళ్లు కలిశాయి.

ఫ్యానుని తిప్పే షాఫ్ట్ బోటు బయటికి వెళ్లే చోట ఉండే గ్లాండ్ దగ్గర కారే నీళ్ల మీద కూడా మాకూ ఓనర్లకీ ఎప్పుడూ పేచీయే. బోటు నడుస్తున్నప్పుడు అక్కడ చుక్క చుక్కగా కారాలి. ఒక్క చుక్కా కారకుండా బిగిస్తే షాఫ్ట్ వేడెక్కి అరిగిపోతుంది. ధారగా కారితే ప్యాకింగ్ మార్చాలి. ఇప్పుడు నీళ్లు చేరగానే దానంతటదే తిరిగే పంపులు పెట్టుకుంటున్నారు. మంచిదే. కాకపోతే లీకు పెరుగుతున్నా పంపు గుట్టుగా తోడేస్తుంటుంది, ఎవరికీ తెలీదు. బ్యాటరీ అయిపోయిన రోజు, లేక తేలే స్విచ్‌కి వల దారం చుట్టుకున్న రోజు, తెల్లారి లేచేసరికి మోకాళ్ల లోతు నీళ్లు. పంపు తిరిగినప్పుడల్లా వెలిగే ఓ చిన్న లైటు సరంగు కళ్లముందు పెడితే ఈ గొడవ ఉండదు. ఎలక్ట్రికల్ షాపులో అతి చవగ్గా దొరికే లైటు అది.

ఉప్పాడ వైపు ఫైబర్ తెప్పలకి వెనక బయట బిగించే అవుట్‌బోర్డు మోటార్ల కష్టాలు వేరు. కెరటాల్లోంచి ఇసుక మీదికి ఎక్కించేటప్పుడు ఇసుకా ఉప్పునీళ్లూ మోటారు లోపలికి పోతాయి. ఒడ్డుకి రాగానే మంచినీళ్ల డ్రమ్ములో మోటారు ముంచి పది నిమిషాలు నడిపితే ఉప్పు కడుక్కుపోతుంది. ఈ మాట చెప్తే ఒకాయన, "తాగడానికే బిందె నీళ్లు మోసుకుంటన్నాం, మోటారుకి మంచినీళ్లా బాబూ" అన్నాడు. ఏం జవాబు చెప్పను? తెప్పలు ఆగే చోట ఒక బోరు, ఒక తొట్టె ఉంటే ఈ ప్రశ్నే రాదు.

ఇప్పుడు అసలు అడగదల్చుకున్నది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా రాష్ట్రంలో ఇంజన్, మోటారు ఉన్న బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ప్రభుత్వం ఆ రోజులకి ఇచ్చే భృతి 2025లో 10 వేల నుంచి 20 వేలకి పెంచింది, సంతోషం. అది ఇల్లు గడవడానికే సరిపోతుంది, ఇంజన్ల మీద పెట్టడానికి కాదు. ఓనర్లు కూడా ఆ రెండు నెలలూ రంగులు, చెక్క పని, వలలు చూసుకుంటారు. అధికారులు వస్తే రిజిస్ట్రేషన్, లైసెన్సు, లైఫ్ జాకెట్లు చూస్తారు. రంగు కనపడుతుంది, కాగితం కనపడుతుంది. చెక్క వెనకాల జాయింట్ కనపడదు కాబట్టి అది ఎవరి లిస్టులోనూ ఉండదు.

చేతిలో మనుషులు లేరా అంటే ఉన్నారు. మా జగన్నాథపురంలోనే రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. విశాఖలో కేంద్ర సంస్థ సిఫ్‌నెట్ ఉంది, పదో తరగతి పాసైన పిల్లలకి రెండేళ్ల మెరైన్ ఫిట్టర్ కోర్సు చెప్తుంది. అక్కడ చదివిన పిల్లల్ని నిషేధం రెండు నెలలూ కాకినాడ, విశాఖ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవులకి పంపండి. చేతిలో మీటరు, సీసా, స్పానర్ల సంచి ఉంటే చాలు. ఒక్కో బోటుకి ఒక పూట పడుతుంది. మైకు బటన్ నొక్కినప్పుడు సెట్ దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయి, ట్యాంకు అడుగు నుంచి ఏం వచ్చింది, ఇంపెల్లర్ రెక్కలు ఎన్ని ఉన్నాయి, ఫ్యూజు ఫ్యూజేనా కాదా. ఒక కాగితం మీద రాసి సరంగు చేతికిస్తే, మిగతాది మేం చూసుకుంటాం. మా పొట్ట కొట్టే పని కాదిది, సీజన్ మధ్యలో కన్నా ముందే మాకు పని దొరుకుతుంది.

రెండోది, కొత్త సామాను కొనడానికి సాయం చేసేటప్పుడు ఆ సామానుకి తగిన వైరు, విడి బ్యాటరీ, ఫ్యూజు పెట్టె కూడా అదే లెక్కలో కలపండి. ట్రాన్స్‌పాండర్ బిగించే రోజునే సరంగుతో ఒక్కసారి మెసేజ్ పంపించి చూపించండి. యాప్ ఫోన్‌లో ఉంది గానీ ఆ ఫోన్ పాస్‌వర్డ్ ఒడ్డున ఉన్న కొడుక్కే తెలుసు అన్న బోటు కూడా నేను చూశాను.

మీ విలేకరులకి కూడా ఒక మనవి. ఈసారి "ఇంజన్ చెడి నిలిచిపోయిన బోటు" వార్త రాసేటప్పుడు రేవులో ఏ మెకానిక్‌నైనా అడిగి ఏం చెడిందో ఒక్క ముక్క కలపండి. ఫిల్టరా, వైరా, ఇంపెల్లరా. పది వార్తలు అలా వస్తే, ఏ జిల్లాలో ఏ రోగం ఎక్కువో మత్స్యశాఖవాళ్లకి ప్రత్యేకంగా సర్వే చెయ్యకుండానే తెలుస్తుంది.

వచ్చే ఏప్రిల్ 15కి ఇంకా టైముంది. ఇలాంటి తనిఖీ ఎవరైనా మొదలుపెడితే ఉప్పుటేరు పక్క షెడ్లలో పనిచేసే మేమంతా వచ్చి కుర్రాళ్లకి పక్కన నిలబడతాం, మీటర్లు కూడా మావే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక బోటు మెకానిక్,
జగన్నాథపురం, కాకినాడ